చెరువు కట్ట చెరిగిపోకుండా నేలను తేలిక చేయడం: త్రిభుజాలతో టెరైన్ మోడల్

పాత అనంతపురం జిల్లా విస్తీర్ణం సుమారు 19 వేల చదరపు కిలోమీటర్లు. ఆ నేల మీద 30 మీటర్లకు ఒకచోట ఎత్తు కొలిచి రాసుకుంటూ పోతే రెండు కోట్లకు పైగా అంకెలు తేలతాయి. మీటరుకొకటి చొప్పున రాస్తే 1,900 కోట్లు. డ్రోన్‌తోనో, విమానం నుంచి లేజర్‌తో కొలిచే లైడార్‌తోనో చేసే సర్వేలు ఇప్పుడు అంతకన్నా సూక్ష్మంగా కూడా వస్తున్నాయి. కొలవడం తేలికైపోయింది. ఆ కొలతలన్నీ కంప్యూటర్‌లో తెరిచి వరద ఎటు పోతుందో, చెరువులో ఎన్ని నీళ్ళు పడతాయో, కాలువ ఎక్కడ తవ్వాలో లెక్క కట్టడమే కష్టంగా మారింది.

అందుకని ఈ పని చేసేవాళ్ళందరూ ఏదో ఒక దశలో నేల నమూనాను తగ్గించుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ‘ఎంత తేడా వరకు ఫర్వాలేదు’ అని అడిగే చోట ఒక అంకె వేసి బటన్ నొక్కితే చాలు, కోట్ల బిందువులు లక్షల్లోకి వస్తాయి. జిల్లా మొత్తానికీ ఆ ఒక్క అంకె వేయడం దగ్గరే మన సీమ నేలకు నష్టం జరుగుతుందని నా నమ్మకం. అది ఎలాగో అర్థం కావాలంటే ముందు ఈ తగ్గించడం ఎలా జరుగుతుందో చూడాలి.

డిజిటల్ టెరైన్ మోడల్ అంటే నేల ఎత్తుపల్లాలను అంకెల్లో పెట్టిన నమూనా. చెట్లు, ఇళ్ళు తీసేసి ఒట్టి నేలను చూపేది టెరైన్ మోడల్. పైనుంచి చూస్తే ఏది ముందు తగిలితే దాని ఎత్తు చూపేది సర్ఫేస్ మోడల్. నల్లమల అడవిలో ఈ రెంటికీ మధ్య తేడా చెట్టు ఎత్తంత ఉంటుంది. మనకు ఉచితంగా దొరికేవి చాలావరకు రెండో రకం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల పాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం డేటా ఒకటి. ఇస్రో 2005లో పంపిన కార్టోశాట్-1 తీసిన జంట చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్ ఇంకొకటి. దీన్ని హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి భువన్ పోర్టల్ నుంచి దించుకోవచ్చు. రెండూ గళ్ళ రూపంలోనే ఉంటాయి. నేలంతా ఒకే సైజు గళ్ళుగా కోసి గడికొక ఎత్తు రాసిపెడతారు. దీన్నే గ్రిడ్ అంటున్నాం.

గ్రిడ్‌తో పని సులువు. ఏ గడి ఎక్కడుందో వేరే చెప్పనక్కర్లేదు, వరుసలోని స్థానమే చెప్పేస్తుంది. కానీ దానికి నేల తీరుతో సంబంధం లేదు. ఉరవకొండ వైపు నల్లరేగడి మైదానంలో కిలోమీటరు నడిచినా ఎత్తు రెండు మూడు మీటర్లు మారని చోట కూడా 30 మీటర్లకొక అంకె రాస్తుంది. గండికోట దగ్గర పెన్నా ఎర్రమల కొండలను చీల్చుకుని సుమారు 300 అడుగుల లోతున పారే చోట కూడా అదే 30 మీటర్లకొక అంకె. మొదటి చోట అంకెలు దండగ, రెండో చోట చాలవు. గండికోట గోడ మొత్తం రెండు పక్క పక్క గళ్ళ మధ్య పడిపోవచ్చు.

ఈ ఇబ్బందికి 1970ల్లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో థామస్ ప్యూకర్, ఆయన సహచరులు ఒక దారి చూపించారు. బిందువులను సమాన దూరాల్లో పెట్టకుండా, నేల మలుపు తిరిగిన చోటల్లా పెట్టి, వాటిని త్రిభుజాలుగా కలిపేశారు. నేల చదునుగా ఉన్నచోట పెద్ద పెద్ద త్రిభుజాలు, గరుకుగా ఉన్నచోట చిన్నవి, దట్టంగా. ట్రయాంగ్యులేటెడ్ ఇర్రెగ్యులర్ నెట్‌వర్క్ అన్న పొడుగాటి పేరును కుదించి అందరూ ‘టిన్’ అంటారు.

త్రిభుజమే ఎందుకు? మూడు రాళ్ళ పొయ్యి ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా గిన్నె ఊగదు, నాలుగో రాయి పెడితేనే ఊగుతుంది. మూడు బిందువుల మీదుగా ఒకే ఒక్క పలక పోగలదు. నాలుగో బిందువు ఆ పలక మీద పడాలన్న నియమం లేదు. అందువల్ల త్రిభుజంలో ఏ చోట ఎత్తు ఎంత, వాలు ఎంత, నీళ్ళు ఎటు జారతాయి అన్నవాటికి అనుమానం లేని జవాబు వస్తుంది.

త్రిభుజాలతో నేలను పట్టడం మన ప్రాంతం ఎప్పుడో చూసింది. విలియం ల్యాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన, తర్వాత గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేగా పేరుపడ్డ కొలత, 78వ రేఖాంశాన్ని పట్టుకుని ఉత్తరానికి పోతూ గుత్తి మీదుగానే సాగింది. అయితే ఆ త్రిభుజాల పని వేరు. కొండ శిఖరాల మధ్య కోణాలు కొలిచి ఏ ఊరు ఎక్కడుందో తేల్చడం వాటి పని. ఒక్కో భుజం పదుల కిలోమీటర్లు ఉండేది, మధ్యలో నేల ఎలా ఉందో వాటికి పట్టదు. మనం మాట్లాడుకునే త్రిభుజాలు ఆ మధ్యలోని నేలను కప్పేవి.

ఒకే బిందువుల గుంపును ఎన్నో రకాలుగా త్రిభుజాలు చేయవచ్చు. వాటిలో దాదాపు అందరూ వాడేది రష్యన్ గణిత శాస్త్రవేత్త బోరిస్ డెలానే 1934లో వివరించిన పద్ధతి. త్రిభుజం మూడు మూలల మీదుగా ఒక వృత్తం గీస్తే దాని లోపల ఇంకే బిందువూ పడకూడదు. నియమం అంతే. దానివల్ల సన్నగా, సూదుల్లా సాగిన త్రిభుజాలు వీలైనంత తగ్గిపోతాయి. సూది త్రిభుజం వస్తే ఏమవుతుందంటే, ఒకచోట ఎత్తు చెప్పడానికి పక్కనే ఉన్న బిందువును వదిలేసి ఎక్కడో రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బిందువును అడిగినట్టవుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది. గ్రిడ్‌లో బిందువుకు ఒక్క అంకె చాలు, ఎత్తు. టిన్‌లో బిందువు ఎక్కడుందో కూడా రాయాలి కాబట్టి మూడు అంకెలు. పైగా బిందువుకు సుమారు రెండు త్రిభుజాలు పుడతాయి. ఒక్కో త్రిభుజానికి దాని మూడు మూలలు ఏవో, మూడు పక్కల ఏ త్రిభుజాలు ఉన్నాయో రాస్తే ఆరు అంకెలు, రెంటికీ పన్నెండు. మొత్తం పదిహేను. అంటే బిందువులు పదిహేనో వంతు కన్నా తగ్గితేనే టిన్ వల్ల మెమరీ మిగులుతుంది. రెండు కోట్ల బిందువులను కోటికి తగ్గిస్తే పని తేలిక కాకపోగా డేటా ఏడున్నర రెట్లు అవుతుంది. పదమూడు, పద్నాలుగు లక్షల కిందికి దిగితే అప్పుడు లాభం మొదలవుతుంది. కాబట్టి త్రిభుజాలకు మారాలంటే గట్టిగా తగ్గించాల్సిందే, నూటికి తొంభై అయిదు బిందువులను వదులుకోవడానికి సిద్ధపడాల్సిందే. ఏ అయిదు మిగలాలి అన్నదే అసలు ప్రశ్న.

ఏది ఉంచాలో కంప్యూటర్ ఎలా తేలుస్తుంది?

ఎక్కువగా వాడే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. నేల నాలుగు మూలల బిందువులు మాత్రం తీసుకుని రెండు పెద్ద త్రిభుజాలు వేస్తారు. మిగతా బిందువులన్నిటినీ పక్కన పెట్టి, ఒక్కో బిందువు దగ్గర త్రిభుజం చెప్పే ఎత్తుకూ అసలు ఎత్తుకూ తేడా చూస్తారు. ఒక త్రిభుజం మూలలు 352, 346, 340 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుందాం. సరిగ్గా నడుమ దాని లెక్క ప్రకారం ఎత్తు 346. అక్కడ అసలు కొలత 349 అయితే తేడా 3 మీటర్లు. ఇలా అన్ని చోట్లా చూసి, అన్నిటికన్నా ఎక్కువ తేడా ఉన్న బిందువును నమూనాలోకి తెచ్చి, దాని చుట్టుపక్కల త్రిభుజాలను మళ్ళీ కలుపుతారు. మళ్ళీ వెతుకుతారు, మళ్ళీ ఒకటి చేరుస్తారు. ఎక్కడ చూసినా తేడా మనం చెప్పిన హద్దు లోపలే ఉంది అనేదాకా ఇది సాగుతుంది.

ప్రతిసారీ కోట్ల బిందువులను వెతికితే ఎప్పటికీ తెమలదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మైకేల్ గార్లాండ్, పాల్ హెక్‌బర్ట్ 1995లో దీన్ని వేగంగా చేసే తీరు చూపించారు. కొత్త బిందువు చేరినప్పుడు మారేది దాని చుట్టూ ఉన్న కొద్ది త్రిభుజాలే కాబట్టి, వాటిలోని బిందువులనే మళ్ళీ చూస్తే చాలు. మిగతా త్రిభుజాల్లో అత్యధిక తేడా ఎంతో ముందే రాసిపెట్టుకుని ఉంటారు. ఇంత చిన్న గమనింపుతోనే ఆ పద్ధతి మామూలు కంప్యూటర్లకు అందుబాటులోకి వచ్చింది.

ఇలా దొరికే జవాబు అత్యుత్తమమైనదేమీ కాదు. ఇచ్చిన హద్దులో అతి తక్కువ త్రిభుజాలతో నేలను కప్పడం ఎన్‌పీ-హార్డ్ అని, అంటే ఎంత పెద్ద నమూనాకైనా త్వరగా, కచ్చితంగా జవాబు చెప్పే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియని సమస్యల కోవలోనిదని, పంకజ్ అగర్వాల్, సుభాష్ సూరి 1994లో చూపించారు. కాబట్టి అందరూ మంచి జవాబుతో సరిపెట్టుకుంటారు.

ఎదురు దిక్కు నుంచి వచ్చే పద్ధతులూ ఉన్నాయి. అన్ని బిందువులతో మొదలుపెట్టి, తక్కువ నష్టం కలిగించే అంచులను ఒక్కొక్కటిగా ముడిచేస్తూ పోవడం. గార్లాండ్, హెక్‌బర్ట్‌లే 1997లో ప్రకటించిన పద్ధతి వీటిలో పేరున్నది. కంప్యూటర్ గేముల్లో కొండలు గీయడానికి, డ్రోన్ త్రీడీ నమూనాలు చూపడానికి బాగా పనికొస్తుంది. బొమ్మ బాగుండాలంటే ఇది చాలు. నీటి లెక్కలకు చాలదు.

హద్దు మూడు మీటర్లు అంటే

ఇప్పుడు మొదట చెప్పిన ఆ ఒక్క అంకె దగ్గరికి వద్దాం. కడప, అనంతపురం రెండూ కలిసిన నమూనాకు హద్దు 3 మీటర్లు అని వేశాం అనుకోండి. పద్ధతి ఎక్కువ తేడా ఉన్న చోటికే ముందు పోతుంది కదా, గండికోట గోడల మీద, ఎర్రమల, పాలకొండల అంచుల మీద బిందువులు కుమ్మరిస్తుంది. తెర మీద చూస్తే కొండలు అద్భుతంగా వస్తాయి, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. మైదానం మాత్రం నాలుగు పెద్ద పలకలుగా మిగులుతుంది.

ఆ మైదానంలో ఏమున్నాయి? ఊరి చెరువు కట్ట నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తులో కిలోమీటరు పొడవున ఉంటుంది. ఆ ఎత్తు హద్దు లోపలిదే కనుక కట్ట మీద ఒక్క బిందువు కూడా నమూనాలోకి రావాల్సిన అవసరం లేదు. కట్ట పోయింది. కట్ట పోతే చెరువే పోయింది, పైనుంచి వచ్చిన నీళ్ళు నమూనాలో నేరుగా ఊరి మీదికి పోతాయి. గట్ల కన్నా రెండు మీటర్లు లోతుగా పారే వంక కూడా అంతే. త్రిభుజం అంచు ఒకటి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా పడితే వంకకు లేని ఆనకట్ట కట్టినట్టవుతుంది. నీళ్ళు దాని వెనక లేని మడుగులో నిలబడతాయి. రిపోర్టులో మాత్రం ‘గరిష్ఠ తేడా 3 మీటర్లు’ అని ఉంటుంది, అది నిజమే కూడా. అబద్ధం ఎక్కడా లేకుండానే నమూనా పనికిరాకుండా పోతుంది.

పల్లపు నేలలో మీటరు అంటే ఎంతో చూడండి. 500 మీటర్ల దూరానికి ఒక మీటరు వాలు ఉన్నచోట, నీటి మట్టంలో ఒక్క మీటరు పొరపాటు వస్తే ముంపు అంచు అర కిలోమీటరు జరుగుతుంది. 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరంలోకి వచ్చినప్పుడు ఏ వీధి మునిగింది, ఏది గట్టెక్కింది అన్నది కొండల ఎత్తుల వల్ల తేలలేదు. వీధికీ వీధికీ మధ్య ఉన్న కొద్ది అడుగుల మిట్ట పల్లాలే తేల్చాయి. అలాంటి చోట గండికోటకు సరిపోయే హద్దు పెట్టడం అంటే నగరం మొత్తాన్ని ఒకే మట్టానికి తెచ్చేయడమే.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువు దగ్గర 1369 నాటి శాసనంలో, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం వంటివాటితో పాటు ఒక దోషం చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట ఉండటం. ఆ మిట్ట ఎంత ఎత్తు ఉంటుంది? చెరువు లోతే కొద్ది మీటర్లు అయినప్పుడు మిట్ట అంతకన్నా తక్కువే. ఆరున్నర శతాబ్దాల కిందట చెరువు కట్టినవాళ్ళు రాతి మీద చెక్కించేంత ముఖ్యమనుకున్న దాన్ని, మూడు మీటర్ల హద్దు పెట్టిన సాఫ్ట్‌వేర్ పైకి తెలియనివ్వకుండా చెరిపేస్తుంది. మిట్టకు ఎంత విలువ ఉందో బిందువుకు అంత విలువ అని ఆ శాసనం చదివితే నాకు అనిపిస్తుంది.

తేడాలు అటూ ఇటూ సమానంగా ఉండి కొట్టుకుపోతాయిలే అనుకోవడం కూడా ప్రమాదమే. చెరువు అడుగు గిన్నెలా గుంటగా ఉంటుంది. గుంట అంచుల మీది బిందువులను కలుపుతూ పోయే పలక ఎప్పుడూ అడుగు కన్నా పైనే ఉంటుంది. అంటే తగ్గించే కొద్దీ గుంటలు పూడుతాయి, అదే కారణంతో గుట్టల తలలు తెగుతాయి. పొరపాటంతా ఒకే వైపు పోగవుతుంది. చదరపు కిలోమీటరు ముంపు ఉన్న చెరువు అడుగు సగటున అర మీటరు పైకి లేచినా అయిదు లక్షల ఘనపు మీటర్లు, అంటే సుమారు 17.7 ఎంసీఎఫ్‌టీ (ఒక ఎంసీఎఫ్‌టీ పది లక్షల ఘనపుటడుగులు) నీళ్ళు కాగితం మీద మాయమవుతాయి. చిన్న చెరువుకు అది చిన్న అంకె కాదు.

మరి ఏం చేయాలి? బిందువులను ఎంచుకునే పని పద్ధతికి పూర్తిగా వదలకుండా, కొన్ని గీతలు మనమే గీసి, ‘ఇవి తెగకూడదు’ అని ముందే చెప్పాలి. వీటిని బ్రేక్‌లైన్లు అంటారు. డెలానే నియమాన్ని కాస్త సడలించి, ఈ గీతలు తప్పకుండా త్రిభుజాల అంచులుగా ఉండేలా కలపడాన్ని కన్‌స్ట్రెయిన్డ్ డెలానే అంటారు, టిన్‌తో పనిచేసే చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఇది ఉంటుంది. మన ప్రాంతంలో గీయాల్సిన గీతలు ఏవో పొలాల్లో తిరిగేవాళ్ళకు బాగా తెలుసు. చెరువు కట్ట పైభాగం, కట్టకు రెండు వైపులా పాదం, మరవ (చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు) అంచు, తూము మట్టం, వంక అడుగు, రెండు గట్లు. సుంకేసుల నుంచి కడప దాకా కొద్దిపాటి వాలు మీద నీళ్ళు తెచ్చే కేసీ కెనాల్ లాంటి కాలువల ఒడ్లు. రోడ్డు, రైలు కట్టలు. రోడ్డు కట్ట గీసినవాళ్ళు దాని కింది కల్వర్టు మరిచిపోతే మాత్రం నమూనాలో ఆ కట్టే చెరువు కట్ట అయి కూర్చుంటుంది. కల్వర్టు ఉన్నచోట గీతను తెంపి, నీటికి దారి వదలాలి.

హద్దు కూడా అన్నిచోట్లా ఒకటే ఉండనక్కర్లేదు. కొండల్లో 5 మీటర్లు పెట్టినా వరద లెక్కకు వచ్చే నష్టం స్వల్పం. ఊళ్ళు, చెరువులు, నది ఒడ్డు ఉన్న పల్లాల్లో అర మీటరు దాటకూడదు. కొండల మీద మిగిలిన బిందువులను మైదానానికి ఇచ్చామన్నమాట. మొత్తం బిందువుల సంఖ్య పెరగకుండానే నమూనా విలువ పెరుగుతుంది. చూడటానికి కొండలు మొరటుగా కనిపిస్తాయి, దానికి బాధపడనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. అసలు కొలతలోనే ఉన్న పొరపాటు కన్నా చిన్న హద్దు పెట్టడం వృథా. ఎస్ఆర్‌టీఎం ఎత్తులు సాధారణంగా పూర్తి మీటర్లలో దొరుకుతాయి, చదును నేలలో కూడా పక్క పక్క గళ్ళ మధ్య లేని ఎగుడుదిగుళ్ళు కొన్ని మీటర్ల వరకు ఉంటాయి. అలాంటి డేటాకు అర మీటరు హద్దు పెడితే, ఎక్కువ తేడా ఉన్నదాన్నే పట్టుకునే పద్ధతి ఆ లేని గుంతలనూ మిట్టలనూ ఒక్కొక్కటిగా ఏరి భద్రపరుస్తుంది. పైగా రాడార్ నీళ్ళ కిందికి చూడలేదు కాబట్టి 2000 ఫిబ్రవరిలో నీళ్ళున్న చెరువుల అడుగు ఆ డేటాలో అసలు లేనే లేదు. టోపోషీట్ల (సర్వే మ్యాపుల) మీది కాంటూర్ల నుంచి, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల నుంచి, టిన్ చేసుకునేవాళ్ళకు ఇంకో చిక్కు. 1:50,000 షీట్లలో కాంటూర్ల మధ్య తేడా మామూలుగా 20 మీటర్లు. పైన చెప్పిన 500 మీటర్లకు ఒక మీటరు వాలులో రెండు కాంటూర్ల మధ్య దూరం పది కిలోమీటర్లు అవుతుంది. ఒకే కాంటూరు మీది మూడు బిందువులు కలిసి త్రిభుజమైతే అది పూర్తిగా సమతలం, దాని మీద నీళ్ళు ఎటూ కదలవు. ఊరి స్థాయి నీటి లెక్కలకు మంచి డ్రోన్ సర్వేనో, టోటల్ స్టేషన్ (నేల మీద నిలిపి కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) కొలతలో తప్పనిసరి అనేది ఇందుకే.

తగ్గించిన తర్వాత సరిచూడటానికి గరిష్ఠ తేడా ఎంతో చూసి ఊరుకోకూడదు. తగ్గించకముందు నమూనా మీద, తగ్గించిన దాని మీద ఒకే వాన కురిపించి చూడాలి. ఉచితంగా దొరికే మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌తోనే ఈ పనిలో చాలా భాగం అవుతుంది. ఒక్కో చెరువుకు నీళ్ళిచ్చే పరివాహక ప్రాంతం రెండింటిలో ఒకటే వస్తోందా? కట్ట పొడవునా ఎత్తు గీస్తే ఎక్కడైనా కుంగిందా? మరవ ఎత్తు వరకు నీరు నింపితే సామర్థ్యం ఎంత మారింది? అంతకన్నా ఒక్క జానెడు ఎక్కువ నింపితే నీళ్ళు రెండు నమూనాల్లోనూ మరవ దగ్గరే పొర్లాలి. ఇంకెక్కడ పొర్లినా అక్కడ ఏదో గీత తప్పిపోయింది. దాన్ని వెతికి గీసి, తగ్గించే పని మళ్ళీ మొదటి నుంచి చేయాలి.